ఉప్పుగాలి కబురు

మొన్న ఆదివారం సముద్రం కనబడే మా ఫ్లాటులో కొత్త ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రాళ్ళు బాల్కనీలో కూర్చుని రాగి గొట్టాలకి మంట పెట్టి అతికిస్తుంటే, వేడెక్కిన రాగి వాసన, గ్యాస్ కారుతోందేమో చూడ్డానికి అతుకుల మీద పూసే సబ్బు నురగ వాసన కలిసి వంటింటిదాకా వచ్చాయి. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఏ పనీ చేయకుండానే ఒళ్ళు అలిసిపోతుంది. చిన్నతనం అనగానే అందరికీ మల్లెపూలో, నెయ్యి మరిగిన వాసనో గుర్తొస్తాయంటారు. నా చిన్నతనం మాత్రం కాలిన రాగీ, సబ్బూ, ఎండుచేపలూ కలిసిన వాసన వేస్తుంది, నేనేం చేయను.

అప్పట్లో మా ఇల్లు ఇదే విశాఖపట్నం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ పల్లెలో చివరి వరసలో ఉండేది. ఎండాకాలం వేట బందు కాగానే తెప్పలన్నీ ఇసుక మీదకి ఎక్కేవి, మగవాళ్ళు వాటి నీడన చేరి చిరిగిన వలలు బాగుచేసుకునేవారు, పోర్టు వైపు నుంచి ఎగిరొచ్చిన నల్లధూళి ఆరేసిన బట్టల మీద పడుతుంటే నాయనమ్మ రోజుకి రెండుసార్లు దులిపి, దులిపినప్పుడల్లా పోర్టుని తిట్టిపోసేది. ఆనందపురం వైపు నుంచి గంపల్లో తాటిముంజలూ జీడిమామిడి పళ్ళూ వచ్చేవి, ఆ పళ్ళ రసం మరక గౌను మీద పడితే గౌను చిరగాల్సిందే తప్ప మరక పోయేది కాదు. గంగమ్మ పండగకి తాత తెప్పకి పసుపు రాసి కుంకం బొట్లు పెట్టి, కోడిపులుసులో మంచి ముక్క ఏరి గిన్నెలో వేసి, "మీ నాన్నకి ఇయ్యి" అని నా చేతికి ఇచ్చేవాడు. మా నాన్న అక్కడే, రెండు బారల దూరంలో కూర్చుని ఉండేవాడు.

వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఒక్కగానొక్క కొడుకు తెప్ప దిగిపోయి గాజువాకలో ఏసీల షాపులో పనికి చేరాడని తాత కోపం, గోడలకి వేలాడి తాను చేసేదాన్ని తాత ఒక్కనాడూ పని అనలేదని నాన్న కోపం. ఒకే చూరు కింద, ఒకే కుండలో అన్నం తింటూ, చెప్పాల్సిందంతా నాతో చెప్పించుకునేవారు. తాత నోట "మీ నాన్న" అన్న మాటే గాని "నా కొడుకు" అన్న మాట అప్పటిదాకా నేను వినలేదు. తొమ్మిదేళ్ళకే అటూ ఇటూ కబుర్లు మోసి విసిగిపోయాను.

ఊళ్ళో స్ప్లిట్ ఏసీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా పల్లె వెనక దిబ్బ మీద, పోర్టులో ఆఫీసరుగా చేసి రిటైరైన ఒకాయన మేడ ఉండేది. తన ఇంట్లో ఏసీ సరిగ్గా బిగిస్తే స్నేహితుల ఇళ్ళన్నిటికీ నాన్ననే పంపిస్తానన్నాడాయన. ఆ ఒక్క మాట పట్టుకుని నాన్న షాపు మానేశాడు. ఏసీ బిగించే రోజు పొద్దున చద్దన్నం తింటూ అమ్మతో, బయట పెట్టే డబ్బాని సముద్రం వైపు గోడకి బిగిస్తానని, చల్లగాలి తిన్నగా తగిలి బాగా పనిచేస్తుందని చెప్పాడు. సముద్రం వైపే గుమ్మాలు పెట్టుకుని బతికినవాళ్ళం, ఆ గాలి చెరుపు చేస్తుందని మాకెలా తోస్తుంది?

తాతకి తోచింది. నాన్న వెళ్ళిన కాసేపటికి వల పక్కన పెట్టి నన్ను పిలిచాడు.

"ఒలే గుంటా, పరిగెట్టి ఎల్లి సెప్పు. ఆ డబ్బాకి సంద్రం కేసి మొకం ఎట్టొద్దను. ఉప్పుగాలి ఇనప లంగర్నే తినేత్తాది, ఆ రేకుడబ్బా ఎంత? నా కొడుకు కట్టం ఉప్పులో కలిసిపోద్ది."

పరిగెత్తాను. దారిలో సరుగుడు చెట్ల కింద పిల్లలు జీడిపిక్కలు కాలుస్తున్నారు. చిల్లులు పొడిచిన రేకు మీద పిక్కలు చిటపటమని నూనె కక్కుతుంటే, కళ్ళు మండించే పొగలో కూర్చుని, వేళ్ళు నల్లబడేలా పగలగొట్టుకుని, కమ్మటి పప్పు ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటూ ఎంతసేపు ఉండిపోయానో తెలీదు. మేడ దగ్గరికి చేరేసరికి డబ్బా గోడకి ఎక్కేసింది. నాన్న తాళ్ళు విప్పుకుంటూ నన్ను చూసి నవ్వాడు. నాన్న అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. కబురు చెప్పకుండానే ఆయన చేతిలోని తాళ్ళ చుట్ట అందుకున్నాను.

"సెప్పావా?" అన్నాడు తాత, ఇంటికి రాగానే.

"సెప్పాను."

"ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు."

తాత తలాడించి మళ్ళీ వల అందుకున్నాడు. అంతే. ఆ తరవాత ఆయన నా చేత నాన్నకి కబురు పంపలేదు, పండగనాడు గిన్నె కూడా పంపలేదు.

రెండో వేసవి దాటకముందే డబ్బా వెనక రేకులు తెల్లటి పొడిగా రాలిపోయాయి, గ్యాస్ కారిపోయింది. నాన్న మళ్ళీ మళ్ళీ వెళ్ళి సబ్బు నురగ పూసేవాడు, ఒక అతుకు మూస్తే ఇంకోచోట బుడగ లేచేది. చివరికి ఆ ఆఫీసరు వేరే మనిషిని పిలుచుకున్నాడు, ఇంకెవరూ నాన్నని పిలవలేదు. పాత షాపులోనే మళ్ళీ కూలికి చేరి, మమ్మల్ని గాజువాక తీసుకుపోయాడు. తాత పల్లెలోనే ఉండిపోయి అక్కడే పోయాడు. చావు నాడు నాన్న ఏడుస్తూ ఒకటే మాట అన్నాడు, "ఉప్పు సంగతి ఆయనకి తెలవదేటి? ఒక్క మాట సెప్పుంటే పోయేదేటి?" నేను పక్కనే ఉన్నాను.

ఇరవై ఏళ్ళుగా ఎక్కడ ఏసీ కనబడినా నాన్న ఆ మాట అంటూనే ఉన్నాడు. మొన్నా అంతే. గొట్టాల పని మొదలవకముందే, కుర్రాళ్ళు డబ్బాని సముద్రం వైపు గోడకి ఎత్తబోతుంటే, నా దగ్గరే ఉంటున్న నాన్న కుర్చీలోంచి లేచి, "అటేపు వొద్దు బాబూ, ఎనకేపు ఎట్టండి" అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "మీ తాత ఒక్క మాట..." అని మొదలెట్టాడు. ధైర్యం వచ్చి కాదు, ఇక వినే ఓపిక లేక చెప్పేశాను.

"తాత సెప్పమన్నాడు నాన్నా. నానే సెప్పలేదు. జీడిపిక్కల కాడ ఉండిపోయాను."

నాన్న తిట్టలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి ఒడ్డు వైపు చూశాడు. మా వరస ఇళ్ళు ఉన్నచోట ఇప్పుడు పార్కు ఉంది, జీడితోటల్లో ప్లాట్ల రాళ్ళు పాతారు, తాత తెప్ప ఏమైందో ఎవరికీ తెలీదు.

"ఏటన్నాడు?" అని అడిగాడు, అచ్చం తాతలాగే.

తాత మాటలు ఒక్కటీ పోనివ్వకుండా, ఆయన అన్నట్టే అప్పజెప్పాను. చివరిదాకా విని, నా ముఖంలోకి చూశాడు.

"నా కొడుకు అన్నాడా?"

"అన్నాడు" అన్నాను. ఈసారి అబద్ధం కాదు.