మల్లయ్య మామ సెలవు చీటీ

తొంభయ్యో దశకం చివర్లో మహారాష్ట్రలోని చంద్రపూర్ దగ్గర ఒక బొగ్గుగని ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేదాన్ని. కార్మికులు తమ సెలవు తామే పెట్టుకునేలా నేను చేసిన ప్రోగ్రామును ఒక రోజు గని మేనేజరు పెద్ద సాహెబుకు చూపించాల్సి వచ్చింది. ముందుగా, అందరూ మామ అని పిలిచే పాత కార్మికుడు మల్లయ్యను పిలిచారు. కూతురి కాన్పుకు ఆయనకు సెలవు కావాలి. చదువు రాదు. గని ప్రమాదంలో కుడిచేతి వేళ్లు పోయాయి. మౌస్ పట్టు దొరకక, తెర మీద ఏముందో తెలియక అలాగే నిలబడిపోయాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తలకొట్టేసినట్టయింది.

"గా డబ్బ ఏమడుగుతుందో నువ్వు నోటితోని అడుగు బిడ్డా. నేను చెప్త," అన్నాడాయన నెమ్మదిగా.

ఎప్పటినుంచి, ఎన్ని రోజులు, ఎందుకు అని అడిగి, ఆయన చెప్పింది నేనే కంప్యూటర్లో కొట్టాను. నిమిషంలో అయిపోయింది. సాహెబు సెలవు మంజూరు చేశారు.

నేను తెర గురించే ఆలోచించాను కానీ మనిషిని ఏం అడగాలన్నది ఆలోచించలేదని అప్పుడు అర్థమైంది. మర్నాడు కాగితం మీద ఆ మూడు ప్రశ్నలే రాసుకుని మళ్లీ మొదలుపెట్టాను. అవే ప్రశ్నలు చదవగలిగినవాళ్లకు తెర మీద కనిపిస్తాయి, చదవలేనివాళ్లకు ఫోనులో తెలుగులోనో మరాఠీలోనో వినిపిస్తాయి; జవాబుకు ఫోను మీద అంకెలు నొక్కితే చాలు.

కొన్ని నెలలకు మల్లయ్య మామ ఆఫీసు ఫోనెత్తి భుజానికి ఆనించుకుని, ఎడమచేత్తో మీటలు నొక్కుతుంటే తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆయన ఎవరినీ సాయానికి పిలవలేదు. నా ఉద్యోగంలో అంత తృప్తి మళ్లీ ఎన్నడూ కలగలేదు.