నేను నోరు విప్పని ఏకాదశి

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాటలు మోసే ఉద్యోగం నాది. మా తాత, మా చిన్నాయన ఒకే పంచలో కూర్చునేవాళ్ళు గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు కారు. "పాపా, మీ చిన్నాయనకి చెప్పు" అని తాత, "మీ తాతకి చెప్పు" అని చిన్నాయన. ఇద్దరికీ అన్నీ వినిపిస్తూనే ఉండేవి. అయినా మధ్యలో నిలబడి ఆ మాట నేను మళ్ళీ చెప్పాల్సిందే.

తాత ఆచారాల మనిషి. చిన్నాయన ఎర్రజెండా మనిషి. ఊరవతల దళితుల పాలెంలో కూలీలతో కలిసి కూర్చుని అన్నం తిని వచ్చాడని తాత ఆయనతో మాట మానేశాడు. మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ అప్పుడు అలాగే రెండుగా చీలి ఉండేవి. టీ అంగడి కూడా ఎవరిది వాళ్ళకే. అయిదో తరగతి పాసయ్యేదాకా అదంతా నాకు పట్టలేదు.

కోవూరు హైస్కూల్లో చేరాలని నా ప్రాణం కొట్టుకునేది. చేర్పిస్తానని చిన్నాయన అన్నాడు. ఆయనన్నాడు కాబట్టి తాత కాదన్నాడు. చేర్చుకునే గడువు దగ్గరపడింది. "ముసలాయన పిల్లని వంటింట్లోనే మగ్గబెడతాడు" అని ఒకరు, "వాడు పిల్లని బజారున పడేస్తాడు" అని ఒకరు. నా బతుకు గురించిన ఆ తిట్లన్నీ నేనే ఏడుస్తూ అటూ ఇటూ మోశాను.

మా నాయనమ్మ చూసి చూసి, నన్ను దొడ్లోకి పిలిచింది. "రేపు ఏకాదశి. మౌనవ్రతం పట్టు. పొద్దుగూకేదాకా నోరు తెరవబాక, కొంప మునిగినా సరే" అంది.

మరునాడు నేను పెదవి విప్పలేదు. వ్రతమని తెలిసి తాత మురిసిపోయాడు, నా మనవరాలంటే ఇట్లుండాలని. చిన్నాయన అంతకన్నా మురిశాడు, ఇది సత్యాగ్రహమని. నా మౌనం చెడగొట్టడానికి ఇద్దరికీ మనసు రాలేదు. నాయనమ్మ యుక్తి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నారు. చివరికి తాత పంచలో స్తంభంతో, "పిల్లని హాస్టల్లో పడేస్తే తిండీతిప్పలు ఎవురు చూస్తారంట?" అన్నాడు. చిన్నాయన కూడా ఆ స్తంభంతోనే, "హాస్టలని ఎవురు చెప్పినారంట?" అన్నాడు. ఆ తర్వాత స్తంభాన్ని ఇద్దరూ మరిచిపోయారు.

"చదువొద్దని నేనెప్పుడంటిరా? పరాయి ఊళ్ళో రాత్రిపూట ఉంచనంటిని!" అన్నాడు తాత.

"నేను మాత్రం ఉంచుతానంటినా నాయనా? పొద్దున సైకిలు మీద దించి, సాయంత్రం తెస్తా గదా!"

వీధంతా వినపడేలా అరుచుకున్నారు. పాలెంలో తిన్న అన్నం దగ్గర్నుంచి జెండాల దాకా అన్నీ బయటికొచ్చాయి. ఏ ఒక్కదాంట్లోనూ ఒకరి దారికి ఇంకొకరు రాలేదు. నా చదువు మాత్రం ఆ అరుపుల్లోనే ఖాయమైపోయింది. కేక పెట్టాలనిపించింది, కానీ వ్రతం కదా, దొడ్లోకి పరిగెత్తి గంతులేశాను.

మరునాడు చిన్నాయన సైకిలు వెనక కూర్చుని కోవూరు వెళ్ళాను. తాత తలపాగా చుట్టి, బండి కట్టించుకుని మా వెనకే వచ్చి, హెడ్‌మాస్టరు ముందు నా పేరు తనే గట్టిగా చెప్పాడు. మా ఊరి నుంచి ఆ బడి మెట్లెక్కిన మొదటి ఆడపిల్లను నేను. ఆ గర్వం నాకింకా తీరలేదు.

వాళ్ళిద్దరూ బతికినంతకాలం చెరో జెండాకే ఓటేశారు. పోట్లాడుకుంటూనే ఉన్నారు, కానీ ఎదురుబొదురు కూర్చుని పోట్లాడుకున్నారు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఎవరి గురించైనా "వాళ్ళంతా ఇంతే" అంటే నేను ఒక్కటే అడుగుతాను. "వాళ్ళ ఎదురుగా కూర్చుని, వాళ్ళ మాట వాళ్ళ నోటే విన్నావా?"