మోకాల్లో తూటా

వార్డు మెంబరుగారి ఎడమ మోకాల్లో యుద్ధంనాటి తూటా ఇంకా అలాగే ఉందని వీధంతా చెప్పుకుంటుంది. ఆయన మొదట సైనికుడు, తర్వాత వకీలు, ఇప్పుడు నాయకుడు. నల్లకోటు మీద పతకాలు తగిలించుకుని, మెట్టు మెట్టుకీ మోకాలు పట్టుకుంటూ మేడ మీది నుంచి ఆఫీసు గదిలోకి దిగుతారు. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లే జాలిపడి ఆయనకు కుర్చీ జరుపుతారు. నిన్న ఇస్త్రీ అవ్వ వచ్చింది. తెల్లారితే మునిసిపాలిటీ లారీ వచ్చి రోడ్డు పక్కనున్న తన బండిని ఎత్తుకుపోతుందట.

"అది పోతే నా పొయ్యిలో పిల్లి లేవదు బాబూ" అంది.

"సరిహద్దు కాసినవాణ్ణి, నీ బండి కాయలేనా అవ్వా? లారీకి అడ్డంగా నేనే పడుకుంటా."

వకీలు కనుక అర్జీ ఆయనే రాశారు. మెంబరు కనుక ఆయనే అందుకుని ముద్ర వేశారు. సైనికుడు కనుక దానికొక సెల్యూట్ కొట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఈ ఉదయం లారీ వచ్చింది. అవ్వ వేడి ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే పరుగెత్తి, మెంబరుగారి వీధి తలుపు బాదింది. ఎవరూ పలకకపోతే పక్క సందులోకి వెళ్లి చూసింది. మెంబరుగారు చెప్పులు చంకలో పెట్టుకుని పెరటి గోడ దూకుతున్నారు.

"నిదానం బాబూ, లోపల తూటా కదిలేను!" అని అరిచింది అవ్వ.

ఆయన వెనక్కి తిరగలేదు. ఆమె తిరిగి వచ్చేసరికి బండి లారీ ఎక్కేసింది, ఇస్త్రీపెట్టె ఒక్కటే మిగిలింది. తూటాను ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఆ గోడ ఎత్తు మాత్రం ఐదడుగులు.