తాతయ్య ఖాళీ గూడు

మా తొకుసాబురో తాతయ్యకి ఒక్కటే పిచ్చి: శూన్యం. క్యోటో విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ దాకా ఆ పాఠమే చెప్పాడు.

"శూన్యమంటే ఏమీ లేకపోవడం కాదే సుమియే! అన్నిటికీ చోటిచ్చేది!" అనేవాడు నాయనమ్మతో.

"అలాగా! మరి దాని పుస్తకాలు నాకు చోటివ్వవేమండీ?"

నిజమే. పుస్తకాలు మెట్లమీద, స్నానాల గదిలో, బియ్యం డబ్బా మీద. నాయనమ్మ పక్క వేసుకోవాలంటే నలుగురు జర్మన్ తత్వవేత్తలని జరపాలి.

నేను లెక్కల పరీక్షలో తెల్లకాగితం ఇచ్చొస్తే ఇల్లంతా తిట్టింది. తాతయ్య మాత్రం కళ్ళజోడు సవరించుకుని, "లోతుగా రాసింది" అన్నాడు. ఆపైన నా చదువు ఎంత సాగిందో మీరే ఊహించుకోండి.

ఉద్యోగం మానాక పిచ్చి ముదిరింది. పుస్తకాలన్నీ మూటలు కట్టి పాత విద్యార్థులకి పంచేశాడు. పెద్దగది గోడలో, అందరూ బొమ్మ వేలాడదీసి పువ్వు పెట్టుకునే నిలువెత్తు గూడునీ ఖాళీ చేశాడు. అందులో ఏదీ పెట్టనివ్వడు.

చెర్రీలు పూసిన వారం నాయనమ్మ చిన్ననాటి స్నేహితురాళ్ళు టీకి వస్తామన్నారు. పెళ్ళికి ముందు అందరూ కలిసి కోతో వాయించేవారు. ఆరడుగుల ఆ తీగల వాద్యం కొత్త కాపురంలో పుస్తకాల మధ్య పట్టక, పక్క ఊరు ఓత్సులో ఉన్న ఆవిడ చెల్లెలింటికి పోయింది. నాయనమ్మ వేళ్ళు మాత్రం ఇప్పటికీ బల్ల అంచుమీద వాయిస్తూనే ఉంటాయి.

"బోసి గూడు చూసి వాళ్ళేమనుకుంటారు? ఒక్క పువ్వు పెడతానండీ."

"వద్దు. చోటు చెడుతుంది."

"మీ చోటు బంగారం కానూ! నా పరువు శూన్యం చేసేదాకా నిద్రపోరు!"

ఆ రోజు పొద్దున్నే తాతయ్య మాయం. అతిథులు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు. నాయనమ్మ గూటికి అడ్డంగా నిలబడి, పళ్ళు కొరుకుతూ నవ్వుతోంది.

ఇంతలో గుమ్మంలోంచి గుడ్డ చుట్టిన మూట కొస ఒకటి లోపలికొచ్చింది. వస్తోంది, ఇంకా వస్తోంది. చిట్టచివర చెమటలు కక్కుతూ తాతయ్య వచ్చాడు.

గుడ్డ విప్పి, కోతోని గూట్లో నిలబెట్టాడు. కొలిచి కట్టినట్టు సరిపోయింది.

నాయనమ్మ వేళ్ళు తీగలమీదికి పోయాయి. "ఇల్లంతా ఖాళీ చేసింది దీనికోసమా?"

"ఛఛ! తత్వం కోసం," అన్నాడు తాతయ్య. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

టీ అయ్యాక కోతోని కిందికి దించి, గదికి అడ్డంగా పెట్టారు. చుట్టూ స్నేహితురాళ్ళు. కాలు పెట్టే సందు లేదు.

"మరి నేనెక్కడ కూర్చోను?" అన్నాడు తాతయ్య.

నాయనమ్మ తీగ బిగిస్తూ, తలెత్తకుండానే అంది: "మీకేం తక్కువండీ? గూడు ఖాళీగానే ఉందిగా!"

బుద్ధిగా వెళ్ళి అందులో కూర్చున్నాడు. ఆ గూటికి అంత అందమైన బొమ్మ మళ్ళీ దొరకలేదు.