అమ్మ ఆ పిల్లతో చెప్పిన మాట

నందిగామ నుంచి వచ్చిన ఆ పిల్లకి సెలైన్ పెట్టడం నేర్పింది నేనే. జగ్గయ్యపేటలో మా డాక్టరుగారి నర్సింగ్ హోమ్‌లో నేను పెద్ద సిస్టర్ని, అది నిన్నగాక మొన్న చేరింది. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో హైదరాబాదులో ఏదో ట్రైనింగు ఉందన్నారు. పంపితే నన్నే పంపుతారని కొత్త చీర కూడా కొనుక్కున్నాను. డాక్టరుగారు ఆ పిల్లని పంపారు. నాకు కడుపు మండిపోయింది.

తిరిగొచ్చి మా అందరికీ క్లాసు చెప్పింది. జబ్బు ఇక నయం కాదని తెలిశాక, తెలివి ఉండగానే రోగిని అడగాలట. ఆఖరి రోజుల్లో ఏం కావాలి, ఏం వద్దు, ఎక్కడ ఉండాలనుంది, ఎవరు పక్కనుండాలి అని అడిగి డాక్టరుకి చెప్పాలట. మా దగ్గర ఆ అలవాటే లేదు. కొడుకునో అల్లుణ్ణో వరండాలోకి పిలిచి గుసగుసగా చెబుతాం. ఊపిరాడించే మిషన్ పెట్టాలా, ఇంటికి తీసుకుపోవాలా అన్నది అక్కడే తేలిపోతుంది. మంచం మీది మనిషితో మాత్రం రెండ్రోజుల్లో ఇంటికెళ్ళిపోవచ్చంటాం. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుందని పక్క సిస్టర్‌తో అన్నాను. ఆవిడ నవ్వలేదు సరికదా, శ్రద్ధగా వింటోంది. అందరూ దాని నోటివంకే చూస్తుంటే నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

ఆ ఏడే మా అమ్మని అదే ఆస్పత్రిలో చేర్చాను. నాన్న పోయాక చిల్లకల్లులో కిరాణా కొట్టు ఒంటిచేత్తో నడిపిన మనిషి. ఊపిరితిత్తులు పాడైపోయి నాలుగు మాటలకే ఆయాసపడేది. డాక్టరుగారు ఈసారి వరండాలోకి పిలిచింది నన్ను. బెజవాడ పెద్దాస్పత్రికి తీసుకుపోతానన్నాను. అమ్మకి మాత్రం అక్కడ మంచి మందులున్నాయని చెప్పి, అంబులెన్సు మాట్లాడటానికి బయల్దేరాను.

డాక్టరుగారు మళ్ళీ పిలిచారు. అమ్మ బెజవాడ వద్దందట, మిషన్లూ వద్దందట. ఎవరితో అందంటే, ఆ పిల్లతో. నేను డ్యూటీ దిగి ఇంటికెళ్ళినప్పుడు స్టూలు వేసుకుని కూర్చుని అడిగిందట. నా కన్నతల్లిని, నన్ను దాటి!

నేరుగా అమ్మ మంచం దగ్గరికి వెళ్ళాను.

"నాకెందుకు చెప్పలేదే అమ్మా?"

"నువ్వొస్తే నాడి చూస్తావు, సీసా చూస్తావు, పోతావు. ఆ పిల్ల కూచుని వింది." కాసేపు ఊపిరి తీసుకుంది. "సూదులెయ్యడానికి అది ఉంటుందిలే. నువ్వు ఆ తెల్ల చీర తీసేసి కూతురిలా వచ్చి కూచో."

అంబులెన్సు వద్దని చెప్పాను. మర్నాటి నుంచి ఇంటి చీరలోనే వెళ్ళాను. తడి దూదితో అమ్మ పెదాలు తుడవడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం అన్నీ ఆ పిల్లే చేసింది, అచ్చం నేను నేర్పినట్టే. ఒక్క వంకైనా దొరుకుతుందేమోనని చూశాను, దొరకలేదు. "అక్కా, కాస్త పక్కకి జరగండి" అంటే జరిగేదాన్ని. అమ్మ చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆఖరి రోజు పొద్దున్నే అమ్మ కళ్ళు తెరిచింది. నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది. ఆ పిల్ల వంగి దిండు సర్దుతుంటే దాని ముఖంలోకి చూసి, "ఇక చాలు తల్లీ, హాయిగా ఉంది" అంది. తర్వాత మాట్లాడలేదు. మధ్యాహ్నానికి నా చేతుల్లోనే పోయింది.

ఆ పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చింది. అంత దుఃఖంలోనూ నాకు దాని మీద అసూయ పోలేదు. అమ్మ ఆఖరిసారి తల్లీ అన్నది దాన్ని.