కొట్టి చూసి కొన్న పెట్టె

కరీంనగర్‌లో ఆ గిటార్ల దుకాణంలో అడుగు పెట్టగానే కొత్త రెక్సిన్ వాసన, అట్టపెట్టెల వాసన, వేడెక్కిన వైర్ల వాసన కలిసి ముక్కుకు తగిలాయి. మా అమ్మాయికి ఎలక్ట్రిక్ గిటార్ కొనిచ్చాం గానీ, దాని సన్నటి చప్పుడును పెద్దది చేసే యాంప్ అనే పెట్టె లేకపోతే అది ఒట్టి కట్టె. ఇంట్లో సాధన చేసుకోవడానికి ఒకటి కొందామని వస్తే, ఆ పెట్టెలు గోడ పొడుగునా బారులు తీరి ఉన్నాయి. దుకాణమతను పది వాట్లన్నాడు, ఇరవై అన్నాడు, ట్యూబన్నాడు, మోడలింగ్ అన్నాడు, ఫోనుకు కలిపేదన్నాడు. తల తిరిగిపోయి, ఏం అడగాలో తోచక, చేతికందిన పెట్టెను వేలి మెటికతో టకటకా కొట్టాను.

"మేడం, అది తలుపు కాదు," అన్నాడతను. మా అమ్మాయి నేనెవరో తెలియనట్టు పక్కకు తిరిగింది.

నేనేం చేయను! యాంప్ కొనడమంటే నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. మా బాపు, అంటే మా నాన్న, అట్లాగే కొన్నాడు.

నేను పెరిగింది శ్రీరాంపూర్ బొగ్గుగని క్వార్టర్లలో. పొద్దున్నే బొగ్గుల పొయ్యిల పొగ, గని సైరన్ కూత, దండెం మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగే వింత, ఎండాకాలం వాకిట్లో నీళ్లు చల్లి వేసుకున్న నులక మంచాల చల్లదనం, అన్నీ ఇప్పటికీ నా ఒంటికి అంటుకునే ఉన్నాయి. ప్రతి గోడ అవతల రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి ఎవరో ఒకరు పగటిపూట నిద్రపోతుండేవారు కనుక మా ఆటలన్నీ గుసగుసల్లోనే నడిచేవి. నమ్మండి, కబడ్డీ కూత కూడా గొంతులోనే పెట్టేవాళ్లం. డిసెంబరు రాగానే చర్చి మీద వెదురుబద్దల చుక్క, ఇంటింటా నూనె మూకుడు, సకినాలు, గరిజెలు, దొంగతనంగా నోట్లో వేసుకున్న కొబ్బరి పూర్ణం.

అట్లాంటి ఒక డిసెంబరుకు కొద్దిగా ముందు దుబాయిలో పనిచేసే మా మేనమామ ఎర్రటి ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చాడు. సామాను బరువెక్కువైందని యాంప్‌ను అక్కడే వదిలేశాడు. వాడకట్టంతా చూడవచ్చింది. నేను తీగ మీటాను. దోమ పాడినట్టు వినిపించింది. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "గంత దూరం మోసుకొచ్చి దాని గొంతు ఆడనే మర్చిపోయినవా తమ్మీ?" అంది.

అయినా చర్చి అయ్యగారు, క్రిస్మస్ పాటలకు నన్నే వాయించమన్నారు. సంతోషంతో నాకు అన్నం సయించలేదు. ఇంట్లో సాధనకు పెట్టె కావాలి కదా అని బాపు సెలవు పెట్టి నన్ను కరీంనగర్ బస్సెక్కించాడు.

దుకాణంలో బాపు ఒక్కో పెట్టె మీద ఎడమ అరచెయ్యి ఆనించి, కుడిచేతి మెటికతో కొట్టి, "బోలున్నది. ఒద్దు," అనేవాడు. ఇంకో పెట్టె. "గిది గూడ బోలే."

దుకాణం సేటు నెత్తి పట్టుకున్నాడు. "పెట్టె బోలు లేకుంటె మోత యాడికెళ్లి వస్తది పెద్దమనిషీ?"

"మా దగ్గర బోలు మోగితె దాని కింద మనిషి నిలవడడు," అన్నాడు బాపు.

భూమి లోపల పని మొదలుపెట్టే ముందు పైకప్పు మీద చెయ్యి ఆనించి కర్రతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు. బోలుగా మోగితే ఊడిపడబోతున్నట్టు. బాపు జట్టులో ఆ కర్ర ఆయన చేతిలోనే ఉండేది. గనిలో మనిషిని చంపే చప్పుడే ఇక్కడ పాటకు ప్రాణమని సేటు అంటున్నాడు. ఎవరి మాట నిజమో నాకు అంతుబట్టలేదు. నాకేమో అన్నిటికన్నా పెద్దది కావాలి. చివరికి బాపు మూలనున్న రొట్టెల డబ్బా అంత పెట్టెను కొట్టి, "గిది గట్టిది," అని చంకన పెట్టుకున్నాడు. బస్సులో ఆదిలాబాద్ దాకా వినపడేటంతగా ఏడ్చాను.

మరునాడు బాపు పగటి షిఫ్టు దిగి, స్నానం చేసి నా ఎదురుగా కూర్చున్నాడు. వాయించాను.

"జర పెంచు బిడ్డా."

పెంచాను. "ఇంకింత," అన్నాడు. గోడ అవతల పడుకున్నాయన ధనధనా బాదాడు. సౌండు పెంచే మర చివరిదాకా తిప్పేసరికి పెట్టె గరగరలాడింది. "ఆఁ, గిప్పుడు మంచిగ ఇనవడ్తంది," అన్నాడు బాపు. నా వాయింపు ఆయనకెంత నచ్చిందో అని పొంగిపోయాను.

గరిజెల అంచులు వత్తుతున్న అవ్వ చెయ్యి ఆగింది. వైరు పీకేసి, బాపు వీపు వెనక నిలబడి, "ఏమయ్యా, చాయ్ తాగుతవా?" అని మెల్లగా అడిగింది. ఆయన తిరగలేదు. మళ్లీ అడిగింది. ఆయన నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు.

అవ్వ ముందుకొచ్చి నిలబడింది. "రూఫు కొడితె ఇనవడ్తందా నీకు? నిజం చెప్పు."

"చెయ్యికి తెలుస్తది," అన్నాడు బాపు తల దించుకుని.

"నీ కర్రను నమ్మి ఎంతమంది లోపలికి వోతున్నరో యాదికున్నదా? దవఖానల చెవులు చూపిచ్చుకునేదాక గీ వైరు ఇయ్య." వైరును కొంగున ముడేసింది.

ఆయన చెవులకూ నా గిటార్‌కూ సంబంధమేమిటో అర్థంకాక గుక్కపట్టి ఏడ్చాను. డాక్టరు చూస్తే మళ్లీ లోపలికి దిగనివ్వరని బాపు భయం. క్రిస్మస్ దగ్గరపడుతోంది, ఆ ముడి వీడడం లేదు.

ఒకరోజు బాపు చెప్పకుండా పోయి, చీకటి పడకముందే తిరిగొచ్చాడు. "దవఖానల చెవులు చూపిచ్చుకున్న. పైన దీపాల గదిల ఏసిండ్రు," అన్నాడు. లోపలికి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించే పని. గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చాడు. మా బాపు ఏడవగలడని నాకు అప్పటిదాకా తెలియదు. అవ్వ ముడి విప్పి వైరు నాకివ్వలేదు, ఆయన చేతిలో పెట్టింది. ఆయనే కళ్లు తుడుచుకుని గోడ ప్లగ్గుకు తగిలించాడు.

క్రిస్మస్ నాడు చర్చిలో తప్పులతోనే వాయించాను. బాపు ఆ చిన్న పెట్టె పక్కన నేల మీద కూర్చుని, పాట అయ్యేదాకా దాని మీద ఎడమ అరచెయ్యి ఆనించే ఉంచాడు. అందరూ ప్రార్థన చేస్తున్నాడనుకున్నారు.

మా క్వార్టర్లు కూల్చేశారు. ఇప్పుడు చాలాచోట్ల ఓపెన్‌కాస్టు గనులే. కొట్టి చూడటానికి పైన కప్పే లేదు, ఆకాశం తప్ప. కబడ్డీని గుసగుసగా ఆడే పిల్లలు లేరు. అవ్వ లేదు, బాపు లేడు. ఈ దుకాణంలో నిలబడి ఉంటే ఆయన ఒక్కసారి వచ్చి కొట్టి చూసి చెప్తే బాగుండుననిపించింది.

"ఇది తీసుకోండి మేడం. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంట్లో ఎవ్వరికీ వినబడదు," అన్నాడు దుకాణమతను, అంతకన్నా గొప్ప గుణం లేదన్నట్టు.

"ఎవ్వరికీ ఇనవడకుంటె ఎట్ల బాబూ?" అన్నాను.

అతను అయోమయంగా చూసి ఇంకో పెట్టెకు వైరు తగిలించాడు. మా అమ్మాయి మీటింది. నాకు తెలియకుండానే ఎడమ అరచెయ్యి పెట్టె మీదికి పోయింది. లోపల బోలుగా, బతికున్నట్టుగా అదురుతోంది.

"జర పెంచు బిడ్డా," అన్నాను.

మా అమ్మాయి వాయించడం ఆపి, "వినబడట్లేదా అమ్మా?" అంటూ అనుమానంగా నా చెవుల వైపు చూసింది. వినబడుతూనే ఉంది. చెయ్యి మాత్రం తీయాలనిపించలేదు.