మలుపు మీద చెక్క

కుప్పమ్మ ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు. రాళ్ళు కొట్టే ఇంట్లో పుట్టింది. ఆమె నాయన చెరువు కట్టలకు రాయి పరిచే మేస్త్రీ. కట్ట వాలు తెలియాలంటే ఒక చెక్క పై కొసను కట్టకు ఆనించి, దానిమీద నీళ్ళ పళ్ళెం పెట్టి, నీళ్ళు సమంగా నిలిచేదాకా కింది కొసను ఎత్తేవాడు. ఆ కొస కింద ఎంత ఖాళీ వచ్చిందో అంత వాలన్నమాట. ఆ విద్య కూతురికీ అబ్బింది. అక్షరం ముక్క మాత్రం ఎవరూ నేర్పలేదు. కూలి కాగితాలమీద వేలిముద్ర వెయ్యమంటే వేసేది, అందులో ఏం రాశారో దేవుడికెరుక.

వడమాలపేట బండి ఓబయ్యను కట్టుకున్నాక ఇద్దరూ రోడ్డు పనులకే పోయేవాళ్ళు. అతను బండితో రాయి తోలేవాడు, ఆమె పరిచేది. పందొమ్మిదివందల నలభైమూడులో కొండ మీదికి ఒక బండిదారి పడింది. యుద్ధం మూలంగా పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్న రోజులు. కొండమీది అడవిలో కాల్చిన ఆ బొగ్గు కిందికి దిగడానికే ఈ దారి.

మూడో మలుపు దగ్గర ఓబయ్య ఎద్దులు మోకాళ్ళమీద పడ్డాయి. రాళ్ళ బండి వెనక్కి జారి చక్రం అతని కాలిమీద ఎక్కింది. ఎముక విరిగింది. ఓవర్సీరు ముకుందం వచ్చి, ఎద్దులను చూశాడు, బండిని చూశాడు, దారిని మాత్రం చూడలేదు. చూస్తే తప్పు తన నెత్తిన పడుతుంది కదా! చక్కగా కూర్చుని రిపోర్టులో "బండివాడు తాగి తోలాడు" అని రాసేశాడు. దానిమీద ఇంజనీరు సంతకం పడితే ఓబయ్యను ఇక ఏ రోడ్డు పనికీ పిలవరు.

ఆ సంగతి కూలీల నోట కుప్పమ్మ చెవిన పడింది. ఇంజనీరు సౌందరరాజన్ వచ్చే రోజున, పదడుగుల చెక్క మూడో మలుపులో దారికి అడ్డంగా పడేసి, దానిమీద తానే కూర్చుంది. కింద రాళ్ళ బండ్లు ఆగిపోయాయి.

ముకుందం ఒంటికాలిమీద లేచాడు. "ఏమే, లేస్తావా లేదా? ఈ దారి ఫర్లాంగు పొడుగునా ముప్పైమూడు అడుగులు ఎక్కుతుంది. పదడుగులకు ఆరంగుళాలు. లెక్క రాసుంది. ఏ ఎద్దయినా ఎక్కుతుంది!"

"ఎద్దు ఫర్లాంగంతా ఒక్క అడుగులో ఎక్కుతాదా సామీ?" అంది కుప్పమ్మ. "యాడ కాలు పెడితే ఆడిదే దానికి లెక్క."

అప్పుడే పైకి వచ్చిన సౌందరరాజన్, తిరుపతివాడే, చిన్న వయసువాడు, "అయితే చూపించమ్మా" అన్నాడు.

ఆమె కిందికి దిగి దారి మొదట్లో చెక్క వేసి, దానిమీద నీళ్ళ పళ్ళెం పెట్టి కొస ఎత్తింది. నీళ్ళు నిలిచాయి. కొస కింద రెండంగుళాలు. మళ్ళీ మలుపుకొచ్చి వేసింది. పదిహేనంగుళాలు! మూరకు మూడంగుళాలే తక్కువ.

"చెక్క కింద గుంటేదో ఉంటుంది" అన్నాడు ముకుందం.

కుప్పమ్మ అయిదడుగుల చెక్క తెప్పించింది. ఏడున్నర. రెండడుగుల చెక్క వేసింది. మూడంగుళాలు. చెక్క ఎంత కురచ చేసినా వాలు మాత్రం మారలేదు. ఎనిమిదడుగులకు ఒక అడుగు.

సౌందరరాజన్ పుల్లతో నేలమీద దారిని పక్కనుంచి చూసినట్టు ఒక వంపు గీశాడు. దాని మొదలుకూ చివరకూ కలిపి ఒక గీత గీశాడు. "ముకుందంగారూ, మీరు చెప్పేది ఈ వాలు. మొత్తానికి సగటు." తర్వాత మలుపు చోట వంపును ఆనుకుంటూ ఇంకో గీత గీశాడు. అది బాగా నిలువుగా వచ్చింది. "ఈమె కొలిచింది ఇది. స్పర్శరేఖ. సరిగ్గా ఆ చోట దారి ఎంత జోరుగా పైకి లేస్తోందో దీని వాలు చెబుతుంది. సగటులో అది కనపడదు. కాలేజీలో ఇది ఒంటబట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది."

"రెండేండ్లా! మా నాయన ఒక్క పూటలో నేర్పినాడే" అంది కుప్పమ్మ. కూలీలు నవ్వారు. ముకుందం మొహం మాడింది. కుప్పమ్మ పదడుగుల చెక్క మళ్ళీ దారికి అడ్డంగా వేసి కూర్చుంది.

"మలుపు తవ్వించి వాలు తగ్గిస్తాం. చెక్క తియ్యమ్మా" అన్నాడు ఇంజనీరు.

"తియ్యను."

"ఇంకేం కావాలి?"

"నా మొగుడు తాగినాడని రాసినారు. ఆ మాట కొట్టెయ్యాల."

ముకుందం ఎగిరిపడ్డాడు. "ఏం, వాడు తాగడా?"

"తాగుతాడు. జాతరకు తాగుతాడు, మా పెద్దమ్మ సచ్చిన దినం తాగినాడు. ఆ దినం తాగలా. తాగింది నీ దారి సామీ, మా ఆయన కాలి నెత్తర!"

సౌందరరాజన్ రిపోర్టు తెప్పించి ముకుందం చేతిలో పెట్టాడు. ముకుందం సిరా కలం తీసి ఒక గీత కొట్టాడు.

"యా మాట కొట్టినావో నాకెట్ల తెలియాల? అందరూ వినేట్టు సదువు."

చదివాడు. "బండివాడు... తాగి... తోలాడు." చెవులు ఎర్రబడ్డాయి.

"అది యాడుండాదో సూపించు."

చూపించాడు. ఇన్నేళ్ళు ఎవరో పట్టుకుని కాగితానికి అదిమిన ఆ బొటనవేలిని ఈసారి ఆమే, తనంతట తానే, ఇంకా ఆరని ఆ గీతమీద గట్టిగా ఒత్తి అటూ ఇటూ రుద్దింది. కింద ఉన్న మాట నల్లగా అలికిపోయింది. అప్పుడు లేచి చెక్క భుజాన వేసుకుంది.

ఇంట్లో ఓబయ్య కాలికి వెదురు దబ్బలు కట్టించుకుని పడుకుని ఉన్నాడు. కుప్పమ్మ చెక్కను గోడకు ఆనించి, సిరా అంటిన వేలు అతని కళ్ళముందు పెట్టింది.

"సూడు," అంది. "నువ్వు తాగిందంతా ఈడుండాది."